ఆ రెండు ఫ్రేముల కోసం



పదో తరగతి పరీక్షలు అయిపోగానే కొత్త కంప్యూటర్ కొనిస్తానని మా చిన్నోడికి జబాన్ ఇచ్చి ఉన్నాను. 2022 మే నెలలో పరీక్షలు అయిపోయాయి. ఈద్ కూడా వెళ్ళిపోయింది. ఈద్ ఖర్చులు, ఇంటి అద్దె, పెద్దమ్మాయి కాలేజీ ఫీజు పోను నా చేతిలో మిగిలింది లెక్క చూసుకుంటే కంప్యూటర్ సంగతి అటుంచండి, దాని ముందు వేసుకునే కుర్చీ కూడా రాదు. దుకాణంలో అడిగితే వాడు కోరుకున్నలాంటిది 65 వేలకు తక్కువ కాదన్నారు. ఆ మాట వాడికి చెప్పాను. "పర్లేదు అబ్బా" అన్నాడంతే. పిల్లలు జిద్దు చేస్తే కోప్పడి తప్పించుకోవచ్చు. పర్లేదు అంటే ఎటూ తప్పించుకోలేం.

నేను కర్నూలులో డీటీపీ పని చేస్తాను. శాదీ రుక్కాలు, అఖీఖా కార్డులు, మదర్సా రసీదు పుస్తకాలు, ఎలక్షన్లొస్తే కరపత్రాలు. ఉర్దూకి ఇన్‌పేజ్, తెలుగుకి అనూ ఫాంట్లు, డిజైన్‌కి కోరల్ డ్రా. ఇంటి ముందు గదే నా దుకాన్. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్ళోకి వచ్చినప్పుడు నా మొదటి కంప్యూటర్ నీళ్ళలో పోయింది. రెండేళ్ళు వేరేవాళ్ళ దగ్గర కూర్చుని పని చేసి, 2011లో సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళి ఇప్పుడున్నది కట్టించుకొచ్చాను. ఇంటెల్ కోర్ ఐ5-2500కె. "భాయ్, ఇంకొంచెం వేసుకుని కె ఉన్నది తీసుకోండి, ఎప్పటికైనా పనికొస్తుంది" అన్నాడు షాపు కుర్రాడు. ఎందుకు పనికొస్తుందో వాడు చెప్పలేదు, నేనూ అడగలేదు. పదకొండేళ్ళు ఆ కె అక్షరం డబ్బాలో ఊరికే పడి ఉంది.

దాని మతలబు నాకు చెప్పింది మావాడు. పర్లేదు అన్న రెండో రోజే ఫోన్‌లో ఏదో వీడియో పట్టుకొచ్చాడు. "అబ్బా, మన ప్రాసెసర్ తాళం తీసి ఉన్న రకం. దీని స్పీడు మనమే పెంచుకోవచ్చు. కొందరు 4.8 దాకా తీసుకెళ్తున్నారు" అన్నాడు. నేను నమ్మలేదు. పాత బండికి యాక్సిలరేటర్ తొక్కితే పొగ తప్ప ఏం వస్తుందనుకున్నాను.

వాడు ఆడే ఆట పేరు సిటీస్ స్కైలైన్స్. ఫిన్లండ్‌లోని కొలోసల్ ఆర్డర్ అనే కంపెనీ తయారుచేసింది, 2015లో వచ్చింది. అందులో కాల్చడాలు, చంపడాలు లేవు. ఊరు కట్టాలి. రోడ్లు, నీళ్ళు, కరెంటు, బడి, ఆస్పత్రి అన్నీ మనమే చూసుకోవాలి. మావాడు కట్టిన ఊరికి రెండు పక్కలా రెండు నదులు. వరదొచ్చినప్పుడు వాడికి రెండేళ్ళు, ఏమీ గుర్తుండదు. విన్నదే. అయినా ఆ ఊళ్ళో కరకట్ట మాత్రం మేడలంత ఎత్తు కట్టాడు. ఊరు చిన్నగా ఉన్నంతకాలం ఆట బాగానే నడిచింది. జనం పెరిగేకొద్దీ నత్త నడక మొదలైంది. ఎందుకంటే ఆ ఊళ్ళో తిరిగే మనుషులకూ బండ్లకూ ఎవరు ఎక్కణ్ణుంచి ఎక్కడికి, ఏ దారిన పోవాలో ప్రాసెసర్ లెక్క కట్టాలి. సెకనుకు 22 ఫ్రేములు వచ్చేవి. బొమ్మ ఆగి ఆగి కదిలేది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, డబ్బులు మిగిల్చే మాట. ఆట నెమ్మదిగా ఉందనగానే గ్రాఫిక్స్ కార్డు మార్చేయకండి. ముందు కమీ ఎక్కడుందో చూడండి. మావాడు ఒక చిన్న పరీక్ష పెట్టాడు. తెర రిజల్యూషన్‌ని 1080 నుంచి 720కి తగ్గించి చూశాడు. అలా తగ్గిస్తే గ్రాఫిక్స్ కార్డు మీద బరువు సగానికి పైగా తగ్గుతుంది. ఇరుకు అక్కడే ఉంటే ఫ్రేములు పెరగాలి. పెరగలేదు. 22 అలాగే ఉంది. అంటే కార్డు ఖాళీగా కూర్చుంది, ప్రాసెసరే అందుకోలేకపోతోంది. మా దగ్గర అంతకుముందు కొన్న జీటీఎక్స్ 1050 టీఐ ఉంది. దాన్ని మార్చి ఉంటే పైసలన్నీ ఫజూల్ ఖర్చే.

సరే, చేద్దాం అన్నాను. నిజం చెప్పాలంటే షౌఖు కన్నా షర్మ్ ఎక్కువ. ఇచ్చిన జబాన్ నిలబెట్టుకోలేకపోయాను, దీనితోనైనా వాడి మొహంలో కాస్త వెలుగు చూద్దామని.

మొదట డబ్బా విప్పాం. పదకొండేళ్ళ దుమ్ము. ప్రాసెసర్ మీద ఫ్యాన్ రెక్కల మధ్య ఉన్ని పేరుకున్నట్టు పేరుకుంది. ఫ్యాన్ ఊడదీస్తే కింద పూసిన థర్మల్ పేస్టు ఎండిపోయి సున్నంలా రాలింది. ప్రాసెసర్ వేడిని పైనున్న లోహానికి అందించేది ఆ పేస్టే. అది ఎండిపోతే మధ్యలో గాలి చేరి వేడి లోపలే నిలుస్తుంది. కూలర్ మాస్టర్ వాళ్ళ హైపర్ 212 అనే టవర్ కూలర్ తెప్పించాం. పాత పేస్టు స్పిరిట్‌తో తుడిచి, కొత్తది శెనగ గింజంత పెట్టి, కూలర్ బిగించాం. ఊరూ పేరూ లేని ఎస్సెమ్పీఎస్ తీసేసి మంచిది వేశాం. స్పీడు పెంచితే ప్రాసెసర్ ఎక్కువ కరెంటు లాగుతుంది. నాసిరకం ఎస్సెమ్పీఎస్ కాలితే తనొక్కటే పోదు, పక్కనున్నవాటినీ తీసుకుపోతుంది. అంతా కలిపి 7 వేల లోపు అయింది. స్పీడు ఇంకా ముట్టుకోకముందే, ఒక్క దుమ్ము, పేస్టు, ఫ్యాన్ పనికే వేడి బాగా దిగింది. మీరు ఓవర్‌క్లాకింగ్ చేసినా చేయకపోయినా ఈ పనైతే చేయించండి.

ఇక అసలు పని. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు డిలీట్ బటన్ నొక్కితే బయాస్ తెరుచుకుంటుంది. ఈ ప్రాసెసర్ స్పీడు లెక్క చాలా సింపుల్. 100 మెగాహెర్ట్జ్ అసలు గడియారం. దానికి 33 రెట్లు, అంటే 3.3 గిగాహెర్ట్జ్. పని తక్కువుంటే ఒక్క కోరు తనంతట తనే 3.7 దాకా పోతుంది, నాలుగు కోర్లూ కలిసి పనిచేసేటప్పుడు 3.4 దగ్గర ఉంటుంది. మనం మార్చాల్సింది ఆ రెట్లు. కె లేని ప్రాసెసర్లలో దాన్ని పెద్దగా కదలనివ్వరు. కె ఉన్నవాటిలో, బోర్డు కూడా ఒప్పుకునేదైతే, మన ఇష్టం. మాది పీ67 బోర్డు, ఒప్పుకుంటుంది. 100 అనే అసలు గడియారాన్ని మాత్రం ముట్టుకోకూడదు. ఈ తరం బోర్డుల్లో హార్డ్ డిస్కు, గ్రాఫిక్స్ కార్డు నడిచే గడియారాలు కూడా దానికే కట్టి ఉంటాయి. దాన్ని గుంజితే అన్నీ కదులుతాయి.

38తో మొదలుపెట్టాం. తర్వాత 40. తర్వాత 42. స్పీడు ఒక హద్దు దాటాక ప్రాసెసర్‌కి వోల్టేజీ కూడా పెంచాలి, లేకపోతే అంత వేగంలో ఒకటికీ సున్నాకీ తేడా పట్టుకోలేదు. 42కి 1.25 వోల్టులు ఇచ్చాం. ప్రైమ్95 అనే ప్రోగ్రాం పెట్టాం. అది నిజానికి మెర్సెన్ ప్రధాన సంఖ్యలు వెతకడానికి 1996లో మొదలైన పనికోసం రాసింది. ప్రాసెసర్‌ని ఊపిరాడకుండా లెక్కలు చేయించి, వచ్చిన జవాబు సరైందో కాదో తనే చూసుకుంటుంది. అందుకే లోకమంతా దాన్ని ఇమ్తిహాన్‌గా వాడుతుంది. నిలబడింది. ఆటలో 22 కాస్తా 27 అయింది. ఐదు ఫ్రేములంటే చెప్పడానికి చిన్నదే. కానీ ఆ ఊళ్ళో బండ్లు ఆగకుండా పోతుంటే మావాడి మొహం చూడాల్సింది.

"చాలు అబ్బా. రాత్రంతా టెస్టు పెట్టి వదిలేద్దాం" అన్నాడు.

ఆగాల్సింది అక్కడే. నేను ఆగలేదు. "ఇంకొంచెం చూద్దాం బేటా" అన్నాను. 45 పెట్టాను. వోల్టేజీ 1.30కి తీసుకెళ్ళాను. రాత్రి పదకొండు దాటింది, కిటికీలు తెరిచి ఉన్నాయి, హంద్రీ వైపు నుంచి గాలి వస్తోంది. ప్రైమ్95 పది నిమిషాలు నడిచింది. వేడి 70 దగ్గర ఉంది. ఆటలో 29 ఫ్రేములు. "చూశావా, 4.5!" అన్నాను. వాడికన్నా నేనే చిన్నపిల్లాడినయ్యాను. "రాత్రంతా టెస్టు?" అని మళ్ళీ అడిగాడు. "పది నిమిషాలు నిలబడింది పది గంటలు నిలబడదా, పోయి పడుకో" అన్నాను.

మర్నాడు వాడు నంద్యాలలో నానీ ఇంటికి వెళ్ళాడు. షవ్వాల్ నెల కదా, పెళ్ళిళ్ళు మీద పెళ్ళిళ్ళు. నాకు ఊపిరి తిరగని పని. ఒక ఆటో భాయ్ తన బిడ్డ నికాహ్ రుక్కా ఇచ్చాడు. 400 కార్డులు, ఒక పక్క ఉర్దూ, ఒక పక్క తెలుగు. పేర్లలో నుఖ్తా తేడా కూడా రాకూడదని మూడుసార్లు వచ్చి ప్రూఫు దిద్దించుకున్నాడు. ఆ సాయంత్రం ఐదింటికి ఫైలు ప్రెస్సుకి పోవాలి.

ఆ రోజు పొద్దునే మావాడు నంద్యాల నుంచి దిగాడు. నేను పాలకని బయటికి వెళ్ళొచ్చేసరికి కంప్యూటర్ ముందు కూర్చుని ఆట తెరిచి ఉన్నాడు. లేపేసి నా పనిలో పడ్డాను. మధ్యాహ్నం మూడు. బయట 40 దాటిన ఎండ, ఇంట్లో తిరిగే ఫ్యాన్ నిప్పుల మీద ఊదినట్టు ఊదుతోంది. ఆటో భాయ్ పక్కనే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఫైలు సేవ్ కొట్టాను. తెర నీలం అయింది. మళ్ళీ ఆన్ చేస్తే ఫైలు తెరుచుకోలేదు. సేవ్ అవుతుండగా మధ్యలో తెగిపోయింది. మిగిలింది ముందు రోజు కాపీ, దిద్దుబాట్లేవీ లేనిది.

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, మావాడి పేరు.

"48 పెట్టావు కదూ? పొద్దున నేను లేనప్పుడు పెట్టావు కదూ?" అని అరిచాను. వాడు "లేదబ్బా, నేను దాన్ని ముట్టుకోలేదు" అన్నాడు. "అబద్ధం ఆడకు. మొదటి రోజే 4.8 అన్నది నువ్వే" అన్నాను. రెక్క పట్టుకుని ఊపాను కూడా. వాళ్ళమ్మీ వంటింట్లోంచి వచ్చింది. ఆటో భాయ్ తల దించుకున్నాడు. "నా రోజీ మీద ఆటలా నీకు?" అన్నాను. వాడు ఇంకేమీ అనలేదు. లోపలికి వెళ్ళిపోయాడు. ఆటో భాయ్‌తో రేపు పొద్దున ఇస్తానని చెప్పి పంపాను. పాపం, ఒక రోజు బేరం వదులుకుని వచ్చిన మనిషి.

ఇషా చదివి వచ్చాక, 48 తీసేసి పని మొదలుపెడదామని బయాస్ తెరిచాను. అక్కడ 45 ఉంది. 1.30 ఉంది. నేను పెట్టింది పెట్టినట్టే.

కాసేపు చేతులు ఆడలేదు. పెట్టి మళ్ళీ తీసేశాడేమో అని అప్పటికీ నా నఫ్స్ ఒక దారి వెతికింది. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ అని ఒకటుంటుంది, యంత్రం రాసుకునే రోజ్‌నామా అనుకోండి. తెరిచాను. ప్రాసెసర్ లోపల తప్పు జరిగింది, సరిదిద్దబడింది అనే పసుపు హెచ్చరికలు వరసగా ఉన్నాయి. మూడు రోజుల నుంచి. అన్నీ మధ్యాహ్నం ఒంటి గంట, నాలుగు గంటల మధ్యే. మావాడు నంద్యాలలో నానీ చేతి బిర్యానీ తింటున్న రోజుల్లో కూడా. యంత్రం మూడు రోజులుగా నాకు చెబుతూనే ఉంది. నేను చూడలేదు. వాడూ నిజమే చెప్పాడు. నేను వినలేదు.

లెక్క వేసి చూస్తే అంతా నా గలతీనే. ప్రాసెసర్ పుట్టించే వేడి స్పీడుతో పాటు పెరుగుతుంది, వోల్టేజీతోనైతే దాని వర్గంతో పెరుగుతుంది. 3.3 నుంచి 4.5 అంటే స్పీడు 36 శాతం ఎక్కువ. 1.2 నుంచి 1.3 వోల్టులంటే వర్గం లెక్కన 17 శాతం ఎక్కువ. రెండూ కలిస్తే వేడి సుమారు 60 శాతం ఎక్కువ. పైగా కూలర్ ఎంత మంచిదైనా గది గాలితోనే చల్లబరచాలి. గది పది డిగ్రీలు పెరిగితే ప్రాసెసరూ దాదాపు పది పెరుగుతుంది. రాత్రి పదకొండుకి 70 ఉన్నది మధ్యాహ్నం మూడింటికి 80 దాటుతుంది. ప్రాసెసర్ కాలిపోదు, 98 దగ్గర తనే స్పీడు తగ్గించుకుంటుంది. కానీ అంతకు చాలా ముందే, ఆ వేడిలో ఆ వోల్టేజీ చాలక లెక్క తప్పుతుంది. నేను చల్లటి రాత్రి ఇమ్తిహాన్ పెట్టి మండే మధ్యాహ్నం పని అడిగాను.

ఇంతా దేనికి? 42లో 27 ఫ్రేములు, 45లో 29. రెండు ఫ్రేములు. ఆ రెండూ మావాడు అడగలేదు. కొత్త కంప్యూటర్ కొనలేకపోయిన బాధ నాది, దాన్ని కప్పుకోవడానికి ఆ రెండు ఫ్రేములూ నాకు కావాల్సి వచ్చాయి.

వాడు పడుకోలేదు. గోడ వైపు తిరిగి ఉన్నాడు. మంచం మీద కూర్చుని, "బేటా, 45 అలాగే ఉంది. నువ్వు ముట్టుకోలేదు. నేను నీ మీద తోహ్మత్ వేశాను. మాఫ్ కర్‌దే" అన్నాను. నా జన్మలో మా అబ్బా నాతో అలా అన్నది లేదు, అనవచ్చని కూడా నాకు తెలియదు. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ అంకుల్ ముందు అన్నారబ్బా" అన్నాడు. కొట్టినందుకు కాదు, తిట్టినందుకు కాదు. అంకుల్ ముందు అన్నందుకు.

ఆ రాత్రి ఇద్దరం కూర్చున్నాం. ముందు 42కి దించాం, వోల్టేజీ 1.25. తర్వాత వాడు ప్రూఫు కాగితం పట్టుకుని దిద్దుబాట్లు చదువుతుంటే నేను రుక్కా మళ్ళీ చేశాను. ఉర్దూ నాకన్నా వాడే తప్పుల్లేకుండా చదివాడు. మధ్యలో మా ఆవిడ చాయ్ పెట్టి ఇచ్చింది. ఫజర్‌కి కాస్త ముందు పూర్తయింది. ఈసారి మూడు చోట్ల కాపీలు పెట్టాను.

పొద్దున ఆటో భాయ్ వచ్చాడు. మావాణ్ణి పిలిచి పక్కన నిలబెట్టుకుని, "భాయ్, నిన్న మీ ముందు వీడి మీద వేసిన మాట తప్పు. చేసింది నేను" అన్నాను. నాలుక ఎంత బరువైందో నాకే తెలుసు. ఆయన ఒక్క క్షణం మావాడి వైపు చూసి నవ్వాడు. "మా ఆటో కూడా పొద్దున ఎనిమిది మందిని హాయిగా లాగుతుంది భాయ్. మధ్యాహ్నం ఓర్వకల్లు దాకా పోతే తెలుస్తుంది దాని సంగతి" అన్నాడు. నేను రాత్రంతా శాతాలు వేసి తెలుసుకున్నది ఆయన ఒక్క మాటలో చెప్పేశాడు. రుక్కా కాగితం మీద బిడ్డ పేరు వేలితో తడిమి చూసుకుని, ఫైలు తీసుకుని ప్రెస్సుకి పోయాడు.

ఆ వారమే ఒక రోజు పని పెట్టుకోకుండా ప్రైమ్95 మధ్యాహ్నం పన్నెండుకి మొదలుపెట్టి సాయంత్రం దాకా వదిలేశాం. వేడి 75 దాటలేదు. ఒక్క తప్పు రాలేదు. వారం పాటు ఈవెంట్ వ్యూయర్ చూస్తూ ఉన్నాం, ఒక్క పసుపు గుర్తు లేదు. అప్పుడు గానీ వాడు "ఇప్పుడు పాస్, అబ్బా" అనలేదు. మాస్టారు వాడు, స్టూడెంట్ నేను.

మీ ఇంట్లో కూడా ఇలాంటి పాత డబ్బా ఉండి, పిల్లలు అడుగుతుంటే భయపడకండి. ముందు మీ ప్రాసెసర్, బోర్డు ఒప్పుకునేవో కాదో చూసుకోండి. దుమ్ము దులిపి, పేస్టు మార్చి, కూలర్ మంచిది వేయండి. ముఖ్యమైన ఫైళ్ళు వేరే చోట కాపీ పెట్టుకోండి. రెట్లు ఒక్కొక్కటే పెంచండి. ఎప్పుడైనా ఆన్ కాకపోతే కంగారు పడొద్దు, బోర్డు మీద సీమాస్ క్లియర్ చేస్తే మొదటికి వస్తుంది. ఎంత దాకా పోతుందో చూసి, అక్కణ్ణుంచి రెండు మూడు మెట్లు కిందికి దిగి ఆగండి. ఇమ్తిహాన్ మాత్రం మీ ఇంట్లో అన్నింటికన్నా వేడిగా ఉండే గంటలోనే పెట్టండి. రోజీ తెచ్చే యంత్రమైతే ఇంకా రెండింతలు జాగ్రత్త.

మావాడి ఊళ్ళో ఇప్పుడు జనం మళ్ళీ పెరిగారు. 27 ఫ్రేములు మెల్లగా 24కి వచ్చాయి. "ఇంకొంచెం పెంచుదామా?" అని నిన్న నేనే అడిగాను, ఊరికే, వాడేమంటాడో చూద్దామని. "వద్దబ్బా, ఊరు కాస్త చిన్నది చేస్తాను" అన్నాడు. కరకట్ట మాత్రం తీయనన్నాడు.

జబాన్ ఇంకా బాకీ ఉంది. తీర్చే తౌఫీఖ్ అల్లాహ్ ఇవ్వాలని దువా చేయండి.

ఖుదా హాఫిజ్.